కాందిశీకుల భాష

కాందిశీకుడు అను మాట పత్రికల వలన మనకు పరిచితమైనది. 1947లో దేశము చీలినపుడు పంజాబు నుండియు బెంగాలు నుండియు తరలివచ్చినవారిని మన పత్రికలు ఆ పేరుతోనే పిలిచినవి. నోరు తిరుగని ఈ మాట పుట్టుక వింతయైనది. సంస్కృతమున "కాం దిశమ్" అనగా "ఏ దిక్కునకు?" అని అర్థము. ఏ దిక్కునకు పోవలెనో తెలియక పరుగెత్తువాడు కాందిశీకుడు. ఈ సందర్భమున మనము వాడు మాటలు మఱి రెండు కలవు: శరణార్థి, నిర్వాసితుడు. శరణార్థి అన్నచో ఆశ్రయమిచ్చువాడొకడు ఎదుట ఉన్నట్లు తోచును. నిర్వాసితుడు అన్నచో ఇల్లు ఖాళీ చేయించినవాడొకడు వెనుక ఉన్నట్లు తోచును. కాందిశీకుడు అన్న మాటలో ముందును వెనుకను ఎవరును లేరు. నడుచువాడు ఒక్కడే, వాని నోట ఒక ప్రశ్న.

ఆ ప్రశ్నను వాడు ఏ భాషలో అడుగును, మనము దానిని ఏ భాషలో విందుము అను సంగతి మాకు వేంసూరు మిరపతోటలో మొదటిసారిగా తట్టినది.

వేంసూరు ఖమ్మం జిల్లా ఆగ్నేయపు అంచున, సత్తుపల్లికి చేరువనున్న మండల కేంద్రము. ఒకప్పుడిది శాసనసభ నియోజకవర్గము. జలగం వెంగళరావు గారు ఇచటి నుండి ఎన్నికైనవారే. 1973లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియైరి. ఊరి చుట్టును వరిపొలములు, మామిడితోటలు, ఇటీవలి కాలమున ఆయిల్ పామ్ తోటలు. ఉత్తరముగా సాగినచో దమ్మపేట, అశ్వారావుపేట, చండ్రుగొండ అడవులు వచ్చును. వానిని దాటినచో గోదావరి, భద్రాచలము. ఆ పైన శబరి నది, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము. మాఘమాసమున మిరప పండి ఎఱ్ఱబడగానే ఆ అడవుల నుండి కూలీలు ముఠాలుగా ఈ మైదానమునకు దిగుదురు. స్త్రీలు, పురుషులు, చంకలో పిల్లలు, ఒక సత్తుగిన్నె, ఒక దుప్పటి. కాయ ఏరుట ముగియువరకు కల్లముల ప్రక్కనే వారి కాపురము.

ఆ కోతల కాలమున గ్రామీణ కార్యక్రమమునకై మాటలు రికార్డు చేయుటకు మేము అచటికి పోయితిమి. ఒక స్త్రీ, ముప్పదియైదేండ్ల వయస్సు ఉండవచ్చును, వంగి కాయలు ఏరుచుండెను. ఏ ఊరు, ఎందుకు వచ్చితివని తెలుగున అడిగితిమి. ఆమె మైకు వైపు ఒకసారి చూచి, తనకు వచ్చిన రెండు మూడు తెలుగు మాటలలో, "నార్ కాలింది. వచ్చినం" అన్నది.

నారుమడి అంటుకొన్నదని మేము అనుకొంటిమి. వ్యవసాయ కార్యక్రమము చేయువారికి కలుగవలసిన సానుభూతియే మాకును కలిగినది. ఎన్ని ఎకరములకు పోసిన నారు? నష్టపరిహారము వచ్చినదా? ఆమె ముఖము చూచినచో ఈ ప్రశ్నలు ఆమెకు చేరుట లేదని తెలియవలసినదే. కాని మేము మైకును చూచుచుంటిమి. ముఠాను తెచ్చిన మేస్త్రీ దమ్మపేట వైపు కోయ పెద్దమనిషి. అతడు కొంతసేపు ఓపికపట్టి, తుదకు అడ్డువచ్చెను.

"నారు కాదు సారూ. నార్ అంటే మా మాటల ఊరు. ఆళ్ల ఊరు కాలిపోయింది."

గోండీ, కోయ మాటలలో "నార్" అనగా గ్రామము. "ఏర్" అనగా నీరు. మనకు ఏరు అనగా వాగు. దప్పికగొన్నవాడు ఏర్ అని అడిగినపుడు వాగు వైపు వేలు చూపిన తెలుగువారు ఎందరో ఉందురు. చుట్టరికము గల భాషలలో ఇదియొక చిక్కు. పూర్తిగా తెలియని భాషయైనచో మనము దుబాసీని పిలుతుము. సగము తెలిసినట్లు చెవికి తోచు భాషయైనచో తెలిసినదనియే సాగిపోవుదుము. భాషతో పొట్టపోసికొను మేమే ఊరు కాలుటకును నారు కాలుటకును భేదము తెలియక పది నిమిషములు గడిపితిమి. అది రికార్డులో నేటికిని ఉన్నది.

ఆ ఊరు కాలుట 2005 తరువాతి మాట. ఆ యేడు జూనులో ఛత్తీస్‌గఢ్ దక్షిణమున, నాటి దంతెవాడ జిల్లాలో సల్వా జుడుం ఆరంభమైనది. మావోయిస్టులకు ఎదురుగా ప్రజలే లేచినారని ప్రభుత్వము చెప్పినది; ప్రభుత్వమే ఆయుధములిచ్చి లేపినదని విమర్శకులు చెప్పిరి. ఊళ్లను ఖాళీ చేయించి జనమును రోడ్డు ప్రక్క శిబిరములకు తరలించిరి. శిబిరమునకు పోయినవారిని ఒకరు, పోనివారిని మఱొకరు అనుమానించిరి. గుడిసెలు కాలినవి, ధాన్యము కాలినది, ప్రాణములు పోయినవి. ఇరువురికిని చిక్కక దక్షిణముగా నడిచినవారు అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవులకు చేరిరి. వారి సంఖ్య 30 వేలని కొందఱు, 50 వేలకు పైబడునని కొందఱు అంచనా వేసిరి. అంచనాలే కాని తలలు లెక్కించినవారు లేరు. వారు ఈ దిక్కునకే ఏల వచ్చిరి? మిరప కోతలకు పూర్వము నుండియే తెలిసిన దారి ఇది. ఇచటి కోయలు కొందఱికి బంధువులు, తక్కినవారికి మాట తెలిసినవారు. ఏ దిక్కునకు అను ప్రశ్నకు వారికి దొరికిన సమాధానము ఒక భాష.

ఇచట వారిని గొత్తికోయలు అందురు, గుత్తికోయలు అనియు అందురు. ఈ పేరు ఇచటివారు పెట్టినది. తమ ఊళ్లలో వారు మురియాలు, లేదా వట్టి కోయితూర్. ఈ పేరు మార్పు ముచ్చటకు చెప్పుట కాదు. మన దేశమున షెడ్యూల్డు తెగల జాబితా రాజ్యాంగము 342వ అధికరణము ననుసరించి రాష్ట్రమునకు ఒకటిగా ఉండును. ఒక రాష్ట్రమున తెగవాడైనవాడు మఱొక రాష్ట్రమునకు వలసపోయినచో ఆ హోదా వెంట రాదని 1990లో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనము తేల్చినది. తెలంగాణ జాబితాలో "గుట్ట కోయ" అను పేరు కలదు; గోండుల వరుసలో "కోయితూర్" అను పేరు కూడ కలదు. గుత్తియా, గుట్టయా? ఇచటివారా, అచటివారా? చెట్టుక్రింద కూర్చుండి కాగితము వ్రాయు గుమాస్తా చెవికి ఏ అచ్చు, ఏ హల్లు వినబడినదో దానిమీద ఒక కుటుంబము బ్రదుకు నిలిచియున్నది.

కాందిశీకుల కొఱకు అంతర్జాతీయ చట్టము లేకపోలేదు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక, 1967 నాటి దాని అనుబంధము ప్రసిద్ధములు. భారతదేశము వానిపై సంతకము చేయలేదు. చేసినను ఈ అడవివారికి అవి అక్కరకు రావు. తన దేశపు సరిహద్దు దాటినవాడే వాని దృష్టిలో శరణార్థి. వీరు దాటినది రాష్ట్రపు సరిహద్దు. సొంత దేశములోనే చెదరిపోయినవారి కొఱకు 1998లో సూడాను దేశీయుడు ఫ్రాన్సిస్ డెంగ్ ఆధ్వర్యమున మార్గదర్శక సూత్రములు రూపొందినవి. అవి సూత్రములే కాని చట్టము కావు. ఇక మన రాజ్యాంగము పౌరునికి దేశమున ఏ మూలనైనను నివసించు స్వేచ్ఛ నిచ్చినది. అదే అధికరణమున, షెడ్యూల్డు తెగల మేలు కొఱకు ఆ స్వేచ్ఛకు హద్దులు విధింపవచ్చుననియు చెప్పినది. కోయల కొఱకు వ్రాసిన కట్టడి కోయల మీదనే పడుట ఇచట మనము చూచుచున్నాము. 2006 నాటి అటవీ హక్కుల చట్టమున 2005 డిసెంబరు 13 అను తేది గీత గీసినట్లున్నది. ఆ తేదికి ముందు నుండి సాగులో ఉన్న భూమికే పట్టా. ఊరు కాలి 2006లో వచ్చినవాడు ఈ అడవిలో కొట్టిన పోడు గీతకు ఆవల పడును.

ఇన్ని విధముల పేరు లేనివారి పక్షమున మాటలాడుటకు ఎవరు వత్తురు? ఏల వత్తురు? జాలి ఒక్కటే చాలదని మా అభిప్రాయము. జాలికి ఆయుర్దాయము తక్కువ. మిరప కోతలతో మొదలై మిరప కోతలతో ముగియును. నిలిచి పనిచేసినవారి జీవితములను చూచినచో పెరిగిన ఇల్లు, నేర్చిన భాష, నడచిన దారి, ఈ మూడును ఏదో ఒక పాళ్లలో కనబడుచున్నవి.

ఇంటి మాట ముందు చెప్పుదుము. ఉత్తరాంధ్రమునను గోదావరి జిల్లాలలోను రంగము కథ వినని ఇల్లు తఱచుగా ఉండదు. రంగూను రేవులోను ధాన్యపు మిల్లులలోను పనిచేసినవారు వేలకొలది తెలుగువారు. కోరంగి రేవు నుండి ఓడ ఎక్కుటచే బర్మావారు వారిని కోరంగీలని పిలిచిరి. 1941 డిసెంబరులో రంగూనుపై జపాను బాంబులు పడగా, 1942లో లక్షలకొలది భారతీయులు అడవులు, కనుమలు దాటి కాలినడకన స్వదేశము వైపు వచ్చిరి. దారిలో కలరా వచ్చినది, ఆకలి వచ్చినది, పిల్లలను వదలిన తల్లులు ఉన్నారు. సైనిక ప్రభుత్వము 1964లో అంగళ్లను జాతీయము చేయగా మఱల ఓడలు నిండినవి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అను పేరు నేటికిని ఆ రాకకు గుర్తు. అవ్వ నోట ఆ నడక కథ విని పెరిగిన బిడ్డ, బస్టాండులో మూటలతో కూర్చున్నవారిని చూచినపుడు మనస్సున ఏదో పోల్చుకొనును. పోల్చుకొన్నంత మాత్రమున పని జరుగదనుట నిజమే.

భాష మాట వచ్చినచో గిడుగు వేంకట రామమూర్తి గారిని తలపక తీరదు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా వారిని అందరు ఎఱుగుదురు. సవరలకు వారు చేసిన సేవ పాఠ్యపుస్తకములలో ఒక వాక్యముతో సరిపోవుచున్నది. 1863లో శ్రీముఖలింగము చేరువ పర్వతాలపేటలో పుట్టిరి. పండ్రెండవ యేట తండ్రి పోగా విజయనగరమున బంధువుల ఇంట చదువుకొనిరి. పరుల పంచన పెరిగిన ఆ బాల్యమే వారిని మెత్తపరచినదని మేము చెప్పలేము. కాని దానిని విడిచి ఆ జీవితమును చదువలేము. 1880లో పర్లాకిమిడిలో నెలకు ముప్పది రూపాయల ఉపాధ్యాయ ఉద్యోగము. సంతకు కొండ దిగి వచ్చు సవరలను చూచి వారి భాష నేర్వబూనిరి. సవర భాష మన ద్రావిడ కుటుంబమునకు చెందినది కాదు, ముండా కుటుంబమునకు చెందినది. అందు నారు, నార్ వంటి పోలికల ఎండమావులు లేవు. ప్రతి మాటయు మొదటి నుండి నేర్వవలసినదే. అప్పటికి వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. ఆ భాష తెలిసినవానిని ఇంట పెట్టుకొని నేర్చిరి. సవర పిల్లలకు సవరలోనే వాచకములు వ్రాసి బడులు పెట్టిరి. ప్రభుత్వము మెచ్చి పారితోషికము ఇయ్యబోగా, ఆ సొమ్ముతో బడి పెట్టుడని చెప్పినట్లు వారి చరిత్రకారులు వ్రాసినారు. కొండలలో తిరిగి మలేరియా తెచ్చుకొనిరి. దానికి పుచ్చుకొన్న క్వినైను వలన చెవుడు వచ్చినది. అట్టి చెవులతోనే దశాబ్దములు శ్రమపడి 1931లో సవర వ్యాకరణమును వెలువరించిరి, ఆ తరువాత నిఘంటువును వెలువరించిరి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అందు చేరినది. డెబ్బదిమూడవ యేట రామమూర్తి గారు అర్ధశతాబ్దము కాపురమున్న ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ఇంట కూర్చున్న మనిషి మీదుగా సరిహద్దు నడచుట అనగా ఇదియే. వారి కడపటి సంవత్సరములు ఆ విధముగా గడచినవి. 1940 జనవరిలో కన్నుమూసిరి.

దారి మాటకు మన ప్రాంతమున మంచి ఉదాహరణము ఒక విదేశీయుడు. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టినవాడు, మానవశాస్త్రవేత్త. 1936లో నాగా కొండలలో పనిచేసినాడు. 1939లో యుద్ధము మొదలైనపుడు జర్మను పాస్‌పోర్టుతో భారతదేశమున ఉండుటచే బ్రిటిషువారి దృష్టిలో శత్రుదేశీయుడైనాడు. ఖైదు తప్పినది కాని హైదరాబాదు సంస్థానము దాటరాదన్న కట్టడి వచ్చినది. ఎచటికిని పోరాదన్న మనిషి ఆ సంస్థానము లోపల పోగలిగినంత దూరము పోయినాడు. నల్లమలలో చెంచుల నడుమ బస చేసినాడు. 1941లో గోదావరి వెంబడి పాపికొండల వైపు పోయి కొండరెడ్ల గూడెములలో తిరిగినాడు. వెదురు, కలప కంట్రాక్టర్లు వారిచేత చేయించుకొను చాకిరిని, ఇచ్చు కూలిని వ్రాసి సర్కారునకు పంపినాడు. 1945లో అచ్చయిన ఆయన కొండరెడ్ల గ్రంథమున ఆనాటి ఈ నదీతీరమును చూడవచ్చును.

ఆ పిమ్మట ఆదిలాబాదు. 1940లో కొమరం భీము జోడేఘాట్ వద్ద పోరాడి చనిపోయిన తరువాత, గోండుల బాధ యేమో విచారించుమని నిజాము ప్రభుత్వము ఈయనను పంపినది. తుపాకులతో పని ముగించిన తరువాత మానవశాస్త్రజ్ఞుని పంపుట పాలకుల అలవాటేయని ఎవరైన అన్నచో మేము కాదనము. పోయినవాడు మాత్రము గోండీ నేర్చినాడు. దుబాసీ నడుమనున్న కాలమున గోండులు చెప్పినది ఒకటి, కాగితమున పడినది మఱొకటి. పట్వారి చెప్పినదే దుబాసీయు చెప్పును. భాష వచ్చిన తరువాత ఏ చేను ఎప్పుడు ఎవరిచేత ఎట్లు పోయినదో, అడవి రిజర్వు గీతలో ఏ గూడెము మాయమైనదో ఊరూరను విని వ్రాసికొన్నాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైనది, గోండీ వాచకములు వచ్చినవి, భూమి పోయినవారికి పట్టాలు ఇచ్చుట ఆరంభమైనది. ఆయన భార్య బెట్టీ 1987లో హైదరాబాదున మరణింపగా మార్లవాయిలో సమాధి చేసిరి. ఆయన 1995లో లండనున మరణించెను. గోండులు నేటికిని ఆ దంపతులను తలచుకొందురు.

మన కాలమునకు వత్తము. సల్వా జుడుంపై సుప్రీం కోర్టునకు 2007లో పోయినవారిలో ముగ్గురి పేర్లు చెప్పవలెను. నందినీ సుందర్ 1990లలో బస్తరున పరిశోధన చేసి 1997లో ఆ ప్రాంతపు చరిత్ర వ్రాసిన సమాజశాస్త్రజ్ఞురాలు. రామచంద్ర గుహ చరిత్రకారుడు. ఇ.ఎ.ఎస్. శర్మ గారు మన విశాఖపట్టణమునకు చెందిన విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి. ఊళ్లు కాలకపూర్వమే ఆ ఊళ్లను నడచి చూచినవారు కోర్టులో సాక్ష్యము చెప్పుటకును, పత్రికలో చదివి వచ్చినవారు చెప్పుటకును భేదము ఉండును గదా. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ తీర్పు చెప్పిరి. గిరిజన యువకులకు కొద్ది జీతమిచ్చి, ఆయుధములు చేతికిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా పోరునకు పంపుట రాజ్యాంగ విరుద్ధమని అందు తేల్చిరి. సుదర్శన్‌రెడ్డి గారు తెలంగాణ పల్లెలో పుట్టిన తెలుగువారు. తీర్పుతో ఊళ్లు తిరిగి నిలువలేదనుట వేరే మాట.

వృత్తిచేత మాకు దగ్గఱివాడు మఱొకడు కలడు: శుభ్రాంశు చౌధరి. ఛత్తీస్‌గఢ్ ప్రాంతమున పెరిగి, బి.బి.సి.లో పనిచేసి, ఆ కొలువు విడిచి అడవి దారి పట్టినవాడు. గోండీ మాటలాడువారికి వారి భాషలో వార్తలు చెప్పువారు లేరని గ్రహించి 2010లో సీజీనెట్ స్వర అను ఏర్పాటు చేసినాడు. గూడెమువాడు టెలిఫోనులో తన గోడు తన భాషలో చెప్పును. మఱొకడు టెలిఫోనులోనే వినును. జగదల్‌పూర్ ఆకాశవాణియు ఆదిలాబాదు ఆకాశవాణియు గోండీలో ప్రసారములు చేసినవే. అయినను రేడియో చెప్పునే కాని వినదు. ఆ లోటును ఈ టెలిఫోను కొంత పూరించినది. తరువాత ఆయన తెలంగాణ, ఆంధ్రల అడవులలో చెదరియున్నవారి తరఫున పట్టుదల వహించినాడు. అటవీ హక్కుల చట్టము 3వ సెక్షనులో ఒక ఉపనిబంధన కలదు: 2005 డిసెంబరు 13కు ముందు అక్రమముగా తొలగింపబడినవారికి పునరావాసము, బదులు భూమి. దానిని ఆధారముగా గొని 2019 నుండి కొన్ని కుటుంబములచేత దరఖాస్తులు పెట్టించిరి. ఒక తేది ఒకవైపు తలుపు మూయగా, అదే తేది మఱొకవైపు కిటికీ తెరచినది. దరఖాస్తులో ఊరి పేరు వ్రాయవలెను. ఊరి పేరు చెప్పవలసినవాడు "నార్" అనియే మొదలుపెట్టును.

అవతలి పక్షము మాట చెప్పకపోవుట న్యాయము కాదు. గోదావరికి ఇరువైపుల అడవి తఱిగిపోవుచున్నది. కొత్తగా వచ్చినవారు పోడు కొట్టినచో ఇచటి కోయల వాటాయే తఱుగును. మొదట చోటిచ్చినవారే ఇప్పుడు విసుగుకొనుట మేము చెవులార వింటిమి. 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలోని జలగలంచలో గుడిసెలు కూల్చబడి, విషయము హైకోర్టునకు పోయినది. 2022 నవంబరు 22న చండ్రుగొండ మండలము ఎఱ్ఱబోడు వద్ద, మొక్కలు నాటిన చోట తగవు వచ్చి, గొత్తికోయల చేతిలో ఒక అటవీ రేంజి అధికారి ప్రాణము కోల్పోయెను. నేరము చేసినవారికి న్యాయస్థానము శిక్ష విధించినది. పంచాయతి మాత్రము గొత్తికోయలందరిని ఛత్తీస్‌గఢ్ పంపివేయవలెనని తీర్మానించినది. విధిలో ఉన్న ఉద్యోగి మరణము ఎంత దారుణమో, చేయని తప్పుకు గూడెమంతయు మూట కట్టుకొనుట అంత దారుణము. ఈ రెండు వాక్యములను ఒకే నోట పలుకుట ఆ దినములలో కష్టముగా ఉండినది. పలికినవారు కొలది మంది. వారిలో ఆ గూడెముల భాష వచ్చినవారే ఎక్కువని మాకు తెలిసినది.

ఇచటి సరిహద్దులైన స్థిరముగా ఉన్నవా? ఖమ్మం జిల్లాయే 1953లో పుట్టినది. భద్రాచలము ప్రాంతము 1959 వరకు తూర్పుగోదావరిలో ఉండి ఆ పైన ఇందు చేరినది. 2014లో పోలవరము నిమిత్తము చింతూరు, కూనవరము, వేలేరుపాడు మొదలైన మండలములు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లాయైనది. చింతూరు అడవిలో గుడిసె వేసికొన్న మురియా కుటుంబము కదలకయే రాష్ట్రము మారినది. ఆ ప్రక్కనే తరతరముల నుండి ఉన్న కోయలు, కొండరెడ్లు జలాశయము క్రింద మునుగు ఊళ్లు విడిచి నిర్వాసితుల కాలనీలకు పోవుచున్నారు. నిన్న ఆశ్రయమిచ్చినవాడు నేడు తానే మూట కట్టుచున్నాడు.

వేంసూరు తోటకు తిరిగి వత్తము. నారు కథ తెలిసిన తరువాత మేము మైకు కట్టివేసి మేస్త్రీని ప్రక్కన కూర్చుండబెట్టుకొని మఱల మొదలు పెట్టితిమి. ఈ మారు ప్రశ్నలు అతడు తన భాషలో అడిగినాడు. ఆమె చేతులు ఏరుట మానలేదు కాని మాటలు ఆగకుండ వచ్చినవి. ఊరిలో ఎన్ని ఇండ్లు, చెరువు ఎచట, ఏ చెట్టు క్రింద పండుగ, తన తండ్రి మడి ఏ గట్టున. ఊరు కాలినపుడు ఆమెకు పదునాలుగు పదునైదేండ్లు. శబరి ఎచట దాటినారో, మొదటి రాత్రి ఎవరి ఇంట అంబలి పోసినారో చెప్పినది. తెలుగున అడిగినపుడు ఆమెకు రెండు వాక్యములే ఉండినవి. తన మాటలో గంటసేపటి చరిత్ర ఉన్నది. ఆమె అనుమతితో ఆ గంటయు రికార్డు చేసితిమి. ఊరి పేరును మేము తెలుగు లిపిలో వ్రాసి మేస్త్రీకి చదివి వినిపింపగా రెండుసార్లు దిద్దినాడు.

ఆమె పిల్లలిద్దరు కల్లము ప్రక్క ఆడుకొనుచుండిరి. బడికి పోవుచున్నారా అని అడిగితిమి. కోతలు లేనపుడు పోవుదురని, అచట పంతులు చెప్పునది తెలుగని, పెద్దదానికి కొంచెము వచ్చినదని మేస్త్రీ చెప్పెను. ఆ పెద్ద పిల్ల మా మాటలు వినుచు మెల్లగా చేరువకు వచ్చినది. మా కాగితముపై ఊరి పేరు చూపి, ఇది యేమని తెలుగున అడిగినది. అమ్మ ఊరు అంటిమి. అక్షరములు కూడబలుకుకొని చదివి, తల్లి వైపు తిరిగి ఆ పేరును తల్లి పలికినట్లు గట్టిగా పలికినది. తల్లి నవ్వి ఏదో అన్నది. మేస్త్రీ దానిని మాకు తెలుగు చేయలేదు, మేమును అడుగలేదు. కాటా వేయు వేళ అగుటచే అందరును లేచి బస్తాల వైపు పోయిరి.